పది గంటలు పని చేసినోడికి ఆబ్సెంట్: చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని గంటలు సెట్ చేసిన కథ

దాదాపు పది గంటలు పని చేసిన మనిషికి ఆ రోజు ఆబ్సెంట్ పడింది. 2024 సీజన్ మొదలైన రెండో శనివారం కూలీ బట్వాడా కిటికీ ముందు ఈ సంగతి బయటపడింది. ఆయన వెనకాల ఇంకో ఎనభై మంది వరసలో ఉన్నారు. కిటికీ లోపల క్లర్కు స్క్రీన్ చూపించి "మిషన్‌లో ఇట్లే ఉంది" అంటాడు, బయట మనిషి "నేను రేత్రి డ్రమ్ములు నింపినా కదప్పా" అంటాడు. మిషన్ తప్పేం లేదు, సాఫ్ట్‌వేర్ తప్పూ లేదు, అందులో ఫీల్డులు నింపింది నేను.

నేను చిత్తూరులో చిన్న ఆఫీసు పెట్టుకుని హాజరు, టైమ్‌షీట్లు, జీతాల లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేసి ఇస్తుంటాను. ఈ క్లయింట్ ఊరికి దగ్గర్లోనే ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఏడాది పొడుగునా ఉండే మనుషులు నలభై ఐదు మంది, తోతాపురి కాయ మొదలైతే ఇంకో రెండువందల ముప్పై మంది వచ్చి చేరతారు. కాయ మాగబెట్టేవాళ్లు, కడిగేవాళ్లు, ఏరేవాళ్లు, బాయిలర్ దగ్గర, గుజ్జు నింపే దగ్గర, ల్యాబ్‌లో, గోడౌన్‌లో ఇలా అందరూ. అంతకు ముందు దాకా మస్టర్ పుస్తకం (చేత్తో రాసే హాజరు పుస్తకం), ఒక ఎక్సెల్ షీటు, ఆ షీటు అర్థమయ్యే ఒకే ఒక్క క్లర్కు. ఆ క్లర్కు పెళ్లి కుదిరి ఉద్యోగం మానేస్తున్నాడని తెలిశాకే ఓనర్ నాకు ఫోన్ చేశాడు, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేర్ ఇఆర్‌పీనెక్స్ట్, దాంతో కలిసి నడిచే ఫ్రాపే హెచ్ఆర్. ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు, గేటు దగ్గరి మిషన్ నుంచి పంచ్‌లు, అంటే మనుషులు వచ్చేటప్పుడు పోయేటప్పుడు వేలు పెట్టిన టైమ్‌లు, లాగి అందులో పడేయడానికి చిన్న స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) చాలు. అందులో షిఫ్ట్ టైప్ అని ఒక పేజీ ఉంటుంది, అసలు కథంతా దాంట్లోనే. షిఫ్ట్ ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, ఎంత ముందుగా వచ్చి పంచ్ కొడితే ఆ షిఫ్ట్ కింద తీసుకోవాలి, అయిపోయాక ఎంత సేపటి దాకా కొట్టిన పంచ్‌ని ఆ షిఫ్ట్ ముగింపుగా లెక్కేయాలి, ఎన్ని గంటలకన్నా తక్కువైతే సగం రోజు, ఎన్నిటికన్నా తక్కువైతే ఆబ్సెంట్. పేజీ చూస్తే పావుగంట పని అనిపిస్తుంది. నేను కూడా పావుగంటలోనే చేశాను.

గంటలు ఓనర్ గదిలో కూర్చుని రాసుకున్నాను. "మూడు షిఫ్టులు, ఎనిమిదెనిమిది గంటలు, ఆడవాళ్లు పగలు మాత్రమే" అన్నాడు. 'ఏ' షిఫ్ట్ పొద్దున 6 నుంచి 2, బీ షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్ట్ 10 నుంచి పొద్దున 6, వీటికి తోడు ఒక జనరల్ షిఫ్ట్. ఆడవాళ్లకి రాత్రి పనికి ప్రత్యేక అనుమతి ఈ ఫ్యాక్టరీ తీసుకోలేదు కాబట్టి, సాయంత్రం 7 తర్వాత వాళ్లను ఉంచకూడదన్న అప్పటి నిబంధన ప్రకారం 'ఏ' షిఫ్ట్, జనరల్ షిఫ్ట్ మాత్రమే వాళ్లకి. అంతా నీట్‌గా ఉంది. మే నెలలో నలభై ఐదు మంది పర్మినెంట్ వాళ్లతో నడిపి చూస్తే ఒక్క తేడా రాలేదు, వస్తుందా మరి, గుజ్జు లైన్ అప్పటికి మొదలే కాలేదు, అందరూ పొద్దున వచ్చి సాయంత్రం పోతున్నారు. గంగమ్మ జాతర రోజుల్లో సెలవులు కూడా సరిగ్గా పడ్డాయి. నేను బిల్లు పంపేశాను.

జూన్‌లో కాయ వచ్చింది.

కిటికీ ముందు గొడవ పడిన మనిషిది బీ షిఫ్ట్. మధ్యాహ్నం 2కి లోపలికి పంచ్ కొట్టాడు. ఆ రాత్రి ఫిల్లింగ్ దగ్గర లైన్ మధ్యలో ఆపడానికి లేదు, ఒకసారి వేడి చేసిన గుజ్జు డ్రమ్ములోని సంచిలోకి వెళ్లిపోవాల్సిందే, లేకపోతే ఆ బ్యాచ్ పాడవుతుంది. అందుకని సూపర్‌వైజర్ ఆయన్ని ఉండమన్నాడు. బయటికి పంచ్ కొట్టింది రాత్రి 12:20కి. నేను బీ షిఫ్ట్‌కి ముగింపు తర్వాతి గడువు 60 నిమిషాలు పెట్టి వదిలేశాను, అంటే 11 దాకా. 12:20 పంచ్ ఏ షిఫ్ట్‌కీ చెందకుండా గాల్లో ఉండిపోయింది. బీ షిఫ్ట్‌కి మిగిలింది ఒక్క పంచ్. ఒక్క పంచ్ మీద గంటలు ఎలా వస్తాయి, సున్నా వచ్చాయి. సున్నా అనేది ఆబ్సెంట్ హద్దు కన్నా తక్కువ. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే చేసింది. అరగంట భోజనం తీసేస్తే ఆయన పని చేసింది 9 గంటల 50 నిమిషాలు, ఆయన పక్కనే అదే రోజు ఏడున్నర గంటలు చేసి 10కి దిగిపోయిన వాళ్లకి పూర్తి హాజరు. అంటే ఎక్కువ చేసినోడికే ఎక్కువ దెబ్బ. ఆ వారం అలా పడ్డవాళ్లు పదకొండు మంది.

ఆ రోజు డబ్బులు మస్టర్ పుస్తకం చూసి ఇచ్చేశారు. పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నారు, అది నా అదృష్టం. సాయంత్రం ఫిల్లింగ్ మేస్త్రి నన్ను గేటు పక్కన టీ బంకు దగ్గరికి పిలిచాడు. అరవై దగ్గర పడిన మనిషి, ముప్పై సీజన్లు చూసినోడు.

"రేత్రి పదికి ఎక్కినోడు పొద్దన్నే ఆరుకి దిగితే అది ఏ దినం కూలీ సార్?"

"ఎక్కిన దినం మేస్త్రీ."

"మరి ఆ మాట మీ మిషన్‌కి చెప్పినారా?"

చెప్పాననే అనుకున్నాను. షిఫ్ట్ మొదలైన తేదీ మీదే హాజరు పడుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గానే చేస్తుంది. కానీ ఓటీ (అదనపు గంటల కూలీ) లెక్క కోసం నేను సొంతంగా రాసిన రిపోర్టు హాజరు తేదీని కాకుండా పంచ్‌ల తేదీని పట్టుకుని కూడుతోంది. దాంతో సీ షిఫ్ట్ మనిషికి సోమవారం 2 గంటలు, మంగళవారం పొద్దున 6 గంటలు ప్లస్ రాత్రి 2, ఇలా ముక్కలు ముక్కలుగా. రోజూ వచ్చే మనిషికి చూడ్డానికి 8 లాగే కనబడుతుంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. వారం సెలవు తీసుకున్న రోజు, షిఫ్ట్ మారిన రోజు మాత్రం లెక్క విరిగిపోతోంది. మేస్త్రి పుస్తకంలో అలాంటి గొడవే లేదు. ఆయనకి రాత్రి పన్నెండు అంటే గడియారంలో ఒక అంకె, అంతే.

ఇంటికొచ్చి అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం తీసి చూశాను. రోజు అంటే అర్ధరాత్రి నుంచి 24 గంటలు అని మొదట్లోనే నిర్వచనం ఉంది, అది చూసి నా రిపోర్టే కరెక్టేమో అని ఒక నిమిషం సంతోషం కూడా కలిగింది. కానీ సెక్షన్ 57 దగ్గర ఆ సంతోషం పోయింది: అర్ధరాత్రి దాటే షిఫ్ట్ అయితే, ఆ దాటిన గంటలు ముందు రోజు లెక్కలోకే వస్తాయి, వారం సెలవు కూడా ఆ షిఫ్ట్ దిగిన క్షణం నుంచి 24 గంటలు. మేస్త్రి చట్టం చదివాడని నేను అనుకోను. ఆ చట్టం రాసినవాళ్లు ఇలాంటి మేస్త్రీల పుస్తకాలు చూసుంటారేమో అని మాత్రం అనిపించింది.

రెండోసారి సెట్ చేసే ముందు రెండు రాత్రులు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఓనర్ గదిలో మూడు షిఫ్టులు, గేటు దగ్గర చూస్తే కనీసం ఏడు రకాల రాకపోకలు. పొద్దున ఆడవాళ్లు వచ్చే వ్యాను ఒకరోజు 5:25కే వస్తుంది, ఇంకో రోజు దారిలో మామిడి ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని 6:20కి వస్తుంది. 5:28కి పంచ్ కొట్టి అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకునే అక్కకి ఆ అరగంట పని కింద వెళ్లిపోతోంది, మర్నాడు వ్యాను ఆలస్యమైతే ఆమెకే లేటు పడుతోంది. ముందొచ్చిన లాభం కంపెనీ ఒప్పుకోదు, వెనకొచ్చిన నష్టం ఆమె ఒప్పుకోదు, ఇద్దరి మాటా న్యాయమే. చివరికి, పిలవకుండా ముందొస్తే గంటలు షిఫ్ట్ టైమ్ నుంచే మొదలు, లేటుకి 15 నిమిషాలు వదిలేయడం, వ్యాను ఆలస్యమైతే సెక్యూరిటీ వ్యాను టైమ్ రాస్తాడు, ఆ వ్యాన్లో వచ్చినవాళ్లందరికీ లేటు ఒకేసారి తీసేయడం, ఇలా కుదిరింది.

వేలిముద్రల సంగతి కూడా ఆ రాత్రుల్లోనే తెలిసింది. మామిడి సొన తగిలిన వేళ్లు, రోజంతా నీళ్లలో నానిన వేళ్లు, మిషన్ చదవదు. నాలుగుసార్లు పెట్టి, చీరకి తుడుచుకుని, మళ్లీ పెట్టి, వెనక క్యూ పెరిగిపోయి, విసుగొచ్చి పంచ్ లేకుండానే లోపలికి పోయేవాళ్లు. అలాంటివి రోజుకి పదిహేను ఇరవై. నేను రిపోర్టులో వాటిని "పంచ్ మరిచిపోయారు" అని పెట్టి ఓనర్‌కి ఇచ్చాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. కడిగే, ఏరే విభాగాలకి మొహం చూసే మిషన్ పెట్టించాం, అది కొన్నాక ఆ సమస్య దాదాపు పోయింది.

భోజనం అరగంట మీద పెద్ద చర్చే నడిచింది. అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలని అప్పటి చట్టం. సాఫ్ట్‌వేర్‌లో గంటలు లెక్కేయడానికి రెండు దారులున్నాయి: మొదటి పంచ్ నుంచి చివరి పంచ్ దాకా, లేదా ప్రతి లోపలికి-బయటికి జతని విడిగా కూడటం. రెండోదే ఖచ్చితం అని ఓనర్ పట్టుబట్టాడు, క్యాంటీన్ తలుపు దగ్గర ఒక మిషన్ పెట్టాం. ఒక్కరోజు నడిచింది. వంద మంది ఒకేసారి బయటికి పంచ్ కొట్టి, తిని, మళ్లీ లోపలికి కొట్టాలంటే ఆ అరగంటలో పావుగంట క్యూలోనే. ఒక అక్క నాతోనే అనేసింది, "అన్నం తినేకి ఇచ్చిన టైమ్ నాయనా ఇది, నీ డబ్బాకి మొహం చూపిచ్చేకి కాదు" అని. మర్నాడే తీసేశాం. ఇప్పుడు మొదటి పంచ్, చివరి పంచ్ మాత్రమే, అరగంట రిపోర్టులో తీసేస్తాం. కానీ దాంట్లో ఇంకో మెలిక ఉంది, ఫిల్లింగ్ దగ్గర మనిషికి కొన్ని రోజులు ఆ అరగంట దొరకదు, నిలబడే ఏదో కొంచెం తింటాడు. తినని అరగంట కోయడం అంటే కూలీ కోయడమే. అందుకని మేస్త్రి టైమ్‌షీట్‌లో "విరామం లేదు" అని టిక్ పెడితే కోత ఆగిపోతుంది. విరామం ఇవ్వకపోవడమే తప్పు కదా అంటే అవును తప్పే, ఆ టిక్కులు వారానికి ఎన్ని పడుతున్నాయో ఓనర్‌కి విడిగా పంపిస్తున్నాను, రెండో నెలలో ఆయన ఫిల్లింగ్ దగ్గర ఒక మనిషిని అదనంగా వేశాడు.

బీ షిఫ్ట్ ముగింపు గడువు 180 నిమిషాలకి పెంచాను, ఒంటి గంట దాకా. వెంటనే ఇంకో సమస్య: పనేం లేకపోయినా షెడ్డులో కూర్చుని పన్నెండున్నరకి పంచ్ కొట్టే కుర్రాళ్లు. కాబట్టి ఓటీకి మేస్త్రి చీటీ కావాలన్నాం, ఆ చీటీనే టైమ్‌షీట్‌లో ఏ పనికి ఎన్ని గంటలు అని ఎక్కిస్తారు. పంచ్‌కీ చీటీకీ తేడా ఉంటే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి తనంతట తాను ఎంచుకోకూడదని నేను గట్టిగా చెప్పాను. చీటీ లేదని ఓటీ సున్నా చేసేస్తే, మేస్త్రి చీటీ రాయడం మరిచిపోయిన రోజు మనిషి నష్టపోతాడు, చేసిన పనికి డబ్బు చీటీ ఉన్నా లేకున్నా ఇవ్వాల్సిందే. తేడాలన్నీ ఒక జాబితాలోకి వెళ్తాయి, మర్నాడు మధ్యాహ్నం లోపల టైమ్ ఆఫీసు, మేస్త్రి కూర్చుని తేలుస్తారు. మొదటి వారం ఆ జాబితా నాలుగు పేజీలు, సీజన్ చివరికి పది పన్నెండు వరసలు.

ఓటీ లెక్క గురించి కొంచెం ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన సెటప్‌లలో సగానికి పైగా ఇక్కడే తప్పుతాయి. 2024లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 59 ప్రకారం రోజుకి 9 గంటలు దాటినా, వారానికి 48 దాటినా రెట్టింపు కూలీ. అందరూ రోజు హద్దు పెట్టి వారం హద్దు మరిచిపోతారు. ఆరు రోజులు రోజుకి 8 గంటల 45 నిమిషాలు చేసిన మనిషి ఏ రోజూ 9 దాటలేదు, రోజు లెక్కలో ఓటీ సున్నా. కానీ వారం మొత్తం 52 గంటల 30 నిమిషాలు, అంటే 4 గంటల 30 నిమిషాలు ఓటీ. పాత ఎక్సెల్‌లో కూడా ఇదే తప్పుంది, ఏళ్ల తరబడి ఎవరూ చూడలేదు. పోనీ రెండూ కూడేద్దామా అంటే అదీ తప్పే: అయిదు రోజులు 8, ఒక రోజు 10 చేస్తే వారం 50, రోజు లెక్కలో 1 గంట, వారం లెక్కలో 2 గంటలు, ఇవ్వాల్సింది 2, కూడితే 3 వస్తుంది, ఒకే గంటకి రెండుసార్లు. అదే మనిషి ఒక రోజు సెలవు పెట్టి, నాలుగు రోజులు 8, ఒక రోజు 10 చేస్తే వారం 42, వారం లెక్కలో ఏమీ లేదు, రోజు లెక్కలో 1 ఉంది, ఆ 1 ఇవ్వాలి. రెండు లెక్కలూ వేసి ఏది పెద్దదైతే అది, అంతే. దీన్ని ఓనర్‌కి చెప్పడానికి కాగితం మీద ముగ్గురు మనుషుల వారాలు గీసి చూపించాను, పాత బకాయిలు ఎంతవుతాయో చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు, కానీ ఆ సీజన్ వరకు తేడా కట్టి ఇచ్చాడు.

ఇంతకీ వారం ఎప్పుడు మొదలు? టైమ్‌షీట్‌లో సోమవారం. కూలీ లెక్క ఇక్కడ ఎప్పట్నుంచో శనివారం నుంచి శుక్రవారం. ఆ చట్టంలో వారం అంటే శనివారం అర్ధరాత్రి నుంచి ఏడు రోజులు. మూడూ మూడు రకాలు. 48 గంటల లెక్కకి చట్టం వారమే వాడాలి కాబట్టి ఆదివారం నుంచి శనివారం పెట్టాం, బట్వాడా శనివారం నుంచి మంగళవారానికి జరిగింది. దీనికి కూలీలు ఒప్పుకోలేదు, శనివారం చేతిలో డబ్బుంటేనే ఆదివారం ఇంట్లో కోడి కూర. చివరికి శనివారం కూలీ, మంగళవారం ఓటీ అని రెండుగా విడగొట్టాం, క్లర్కుకి పని పెరిగింది, గొడవ తగ్గింది.

వారం సెలవు సీజన్లో అందరికీ ఆదివారం ఇవ్వడం కుదరదు. అప్పటి చట్టం ప్రకారం ఆదివారం పని చేయిస్తే దానికి ముందు మూడు రోజుల్లోనో తర్వాత మూడు రోజుల్లోనో ఒక సెలవు ఇవ్వాలి, పది రోజులకు మించి వరసగా చేయించకూడదు. ఏడు సెలవు జాబితాలు చేసి, మనుషుల్ని ఏడు గుంపులుగా పంచాను. షిఫ్ట్ మారడం ఎప్పుడూ ఆ సెలవు తర్వాతే, అలా పెట్టడం వల్ల సీ షిఫ్ట్ దిగినోడు అదే పొద్దున 'ఏ' షిఫ్ట్‌లో తేలే ప్రమాదం తప్పింది.

ఇంకో తప్పు కూడా నాదే, చెప్పేస్తాను. జూలైలో ఒక సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది, నెట్ మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. పంచ్‌లు గేటు మిషన్‌లోనే భద్రంగా ఉన్నాయి, సర్వర్‌కి రాలేదు. ఇఆర్‌పీనెక్స్ట్‌లో "లాస్ట్ సింక్ ఆఫ్ చెక్-ఇన్" అని ఒక ఫీల్డ్ ఉంటుంది, పంచ్‌లు ఎప్పటి దాకా వచ్చాయో అది చెబుతుంది, ఆ టైమ్ కన్నా ముందే అయిపోయిన షిఫ్టులకే హాజరు పడుతుంది, పంచ్ లేనివాళ్లకి ఆబ్సెంట్ పడుతుంది. అంటే ఆ ఫీల్డ్ ఉన్నదే ఇలాంటి రోజు కోసం. నేనేమో స్క్రిప్టులో, పంచ్‌లు వచ్చినా రాకపోయినా గంటకోసారి ఆ ఫీల్డ్‌లో అప్పటి టైమ్ వేసేలా రాశాను, ఎందుకంటే మొదట్లో హాజరు పడటం ఆలస్యమవుతోందని తొందరపడ్డాను. ఫలితం, సీ షిఫ్ట్ మొత్తం ఆబ్సెంట్. నూటికి నూరు మంది ఆబ్సెంట్ అయితే ఫ్యాక్టరీ ఎలా నడిచిందని కనీసం సాఫ్ట్‌వేర్ అడగదు కదా. స్క్రిప్టు మార్చాను, మిషన్ నుంచి నిజంగా పంచ్‌లు లాగినప్పుడే ఆ టైమ్ ముందుకి జరుగుతుంది. ఒక షిఫ్ట్‌లో సగానికి పైగా ఆబ్సెంట్ పడితే క్లర్కు ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది.

పనుల వారీ టైమ్‌షీట్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మెయింటెనెన్స్ వాళ్లకి ఇరవై రెండు రకాల పనులు ఇచ్చాం, వాళ్లు రోజూ మొదటిది ఎంచుకుని 8 అని కొట్టారు. ఆరుకి తగ్గించాక కొంచెం నిజం రాస్తున్నారు.

2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయింది, కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించాల్సిన పరిస్థితి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. బీ షిఫ్ట్ దాదాపు రోజూ పొడిగింపే. పంచ్ ఉండి ఆబ్సెంట్ పడినవాళ్లు ఆ సీజన్లో ఎవరూ లేరు. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకి పెంచే సవరణ ఆమోదించింది, నవంబరు 21న కేంద్రం పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. ఈ హద్దులు రిపోర్టు లోపల ఎక్కడో అంకెలుగా రాసేసి ఉంటే చచ్చేవాణ్ణి. అదృష్టవశాత్తు 2024 ఆగస్టులోనే వాటిని విడిగా ఒక పట్టికలో, ఏ తేదీ నుంచి ఏ హద్దు అని పెట్టాను, పాత సీజన్ లెక్క మళ్లీ తీసినా పాత హద్దుతోనే వస్తుంది. కొత్త వరస ఎప్పుడు వేయాలో, ఏ అంకెతో వేయాలో ఫ్యాక్టరీ లేబర్ కన్సల్టెంట్ రాతపూర్వకంగా ఇస్తేనే వేస్తానని చెప్పాను, ఆ నిర్ణయం నాది కాదు.

మస్టర్ పుస్తకం ఇంకా రాస్తున్నారు. ఓనర్ ఆపేద్దామన్నాడు, నేనే ఇంకో సీజన్ ఉండనీయమన్నాను. కాయ తెచ్చే కంపెనీ లారీ డ్రైవర్ల గంటలు మాత్రం సాఫ్ట్‌వేర్‌లోకి రానే లేదు, బంగారుపాళ్యం మామిడి మార్కెట్ యార్డులో లోడు కోసం కూర్చున్న మూడు గంటలు పనా, విరామమా అన్నది డ్రైవర్లకీ ఓనర్‌కీ తెగలేదు. తెగేదాకా ఆ గంటలు మేస్త్రి నోట్‌బుక్ చివరి పేజీలో పెన్సిల్‌తో ఉంటాయి.